మంచి తోడు – మంచి పెరుగు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం పల్లెల్లో పాడి ఎందరో ఆడవాళ్ళకు ఆధారం. రాత్రి పాలు కాచి, గోరువెచ్చగా ఆరనిచ్చి తోడు వేస్తారు. తెల్లారేసరికి పెరుగు తయారు! ఇది ఎవరి పని?

తోడులో కోట్ల సూక్ష్మజీవులు ఉంటాయి. కంటికి కనబడవు. వీటిలో పలు రకాలు కలిసి బతుకుతాయి. పాలలోని చక్కెరను తిని పులుపును తయారుచేస్తాయి. ఆ పులుపుకే పాలు గడ్డకడతాయి.

ఒకరోజు పెరుగు జిగటగా సాగుతుంది. చెడు వాసన వస్తుంది. దాన్నే తోడు వేస్తే మళ్ళీ కాచిన పాలన్నీ పాడు. అందుకే దాన్ని పారబోస్తారు. పక్కింటి నుంచి కమ్మని పెరుగు తెచ్చి తోడు వేస్తారు.

ఇక్కడ ఎంచింది ఒక్క జీవిని కాదు. గుంపునంతా ఎంచారు. మంచి గుంపు సాగింది. చెడ్డ గుంపు ఆగింది. విత్తనానికి మంచి చెనక్కాయలు ఏరినట్టే!

2000లో అమెరికా శాస్త్రవేత్తలు మట్టితో ఇలాగే చేసి చూశారు. మొక్కలు బాగా పెరిగిన కుండీల మట్టిని కొత్త కుండీల్లో కలిపారు. మళ్ళీ మళ్ళీ అలాగే చేశారు. విత్తనం రకం మార్చలేదు. అయినా ఎంచిన మట్టిని బట్టి మొక్కల ఎదుగుదల మారింది.

ప్రకృతిలో ఎంచేవారు ఉండరు. పరిస్థితికి తట్టుకున్నదే మిగులుతుంది. దీన్ని ప్రకృతి వరణం అంటారు. కలిసి బతికే గుంపుల మీద కూడా ఇది పనిచేయగలదు.

చేయండి: పెరుగు బాగున్న రోజే, అందరూ తినకముందే, రెండు చెంచాలు తోడుకు తీసిపెట్టండి. గిన్నె శుభ్రంగా ఉండాలి. మూత పెట్టండి.

చర్చించండి:
1. పెరుగు చెడితే మీరు తోడు ఎక్కడ తెస్తారు? ఎందుకు?
2. దోసెల పిండి పులియడానికి ఏం చేస్తారు?