ఏ క్రియ కర్మణిలోకి మారుతుంది?

పిల్లలూ! మన ఇళ్లలో తరచూ వినిపించే మాట: "నాన్నకు బదిలీ అయింది." ఇంగ్లీషులో "ఫాదర్ వాజ్ ట్రాన్స్‌ఫర్డ్" అంటాం. బదిలీ చేసినదెవరో చెప్పనక్కరలేదు. కర్మణి ప్రయోగం ఇలాంటి చోటే పనికొస్తుంది.

అయితే "వుయ్ వర్ అరైవ్డ్", "యాన్ యాక్సిడెంట్ వాజ్ హ్యాపెన్డ్" అనేవి తప్పులు. అరైవ్, హ్యాపెన్, స్లీప్ అకర్మక క్రియలు. "దేనిని? ఎవరిని?" అని అడిగితే జవాబు రాదు. కర్మ లేనిదే కర్మణి లేదు.

కర్మ ఉన్నట్టు కనిపించినా సాధారణంగా మారనివి కొన్ని: హావ్, ల్యాక్, రిజెంబుల్. "ఐ హావ్ ఎ సైకిల్"ను "ఎ సైకిల్ ఈజ్ హ్యాడ్ బై మి" అనరు. ఇవి పనిని కాక స్థితిని చెబుతాయి. తెలుగులో చూడండి: "నాకు సైకిలు ఉంది", "చెల్లి అమ్మను పోలి ఉంది." ఇలా "ఉంది" వస్తే ఒక్కసారి ఆగి ఆలోచించండి. ఇది గుర్తు మాత్రమే, సూత్రం కాదు. స్థితిని చెప్పే "నో" అనే క్రియ "ఈజ్ నోన్"గా మారుతుంది కదా!

అలాగే అమ్మమ్మకు ఉత్తరం రాసేటప్పుడు "మేము బదిలీ చేయబడ్డాము" అనకండి. "మాకు బదిలీ అయింది" అంటేనే ఆమెకు మన ఇంటి మాటలా వినిపిస్తుంది.

సాధన: కర్మణిలోకి మారేది ఏది?
1. షి రోట్ ఎ లెటర్.
2. ది ట్రైన్ కేమ్.
3. దిస్ షర్ట్ ఫిట్స్ మి.