వడగాడ్పుల వేళ పాదులకు తేనెటీగల లెక్క

ఏప్రిల్, మే నెలల్లో దోస, గుమ్మడి, పుచ్చ పాదులు పూతమీదున్న రైతులు ముందుగా గమనించాల్సింది తేనెటీగల పనివేళలు. ఈ పాదుల్లో ఆడపువ్వు పొద్దున్నే విచ్చుకుని ఆ పూటతో వాడిపోతుంది. ఆలోగా పుప్పొడి చాలినంత అందకపోతే పిందె పసుపు బారి రాలుతుంది, నిలిచినా కాయ వంకర తిరుగుతుంది. అప్పుడు తప్పు ఎరువు మీదికి నెట్టేస్తాం! ఎండ ముదిరితే పుప్పొడి సత్తువ తగ్గుతుంది, మకరందమూ ఆరిపోతుంది. మరోపక్క ఈగలకు గూట్లోనే పని పెరుగుతుంది. పిల్ల పురుగులు పెరిగే చోట వేడి 34, 35 డిగ్రీల దగ్గర నిలవాలి. బయట 42 ఉన్నప్పుడు కొన్ని ఈగలు రెక్కలతో విసురుతాయి, మరికొన్ని నీళ్లు మోసుకొచ్చి గదుల్లో పూస్తాయి. కాబట్టి మిట్టమధ్యాహ్నం తేనెటీగల పెట్టె దగ్గర రాకపోకలు కనిపించినా అవి పూలకు వెళ్లేవని నమ్మకూడదు, చాలావరకు నీళ్లకు వెళ్లేవే.

మచిలీపట్నం, దివిసీమ సముద్రం పక్కనే కదా, మధ్యాహ్నం గాలి తిరిగితే చల్లబడుతుందిగా అంటారు. కానీ పడమటి గాలి బలంగా ఉన్న రోజున సముద్రపు గాలి ఆలస్యమవుతుంది, ఒక్కోసారి రానే రాదు. తీరంలో మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు పెరిగి 37 చేరితేనే వాతావరణ శాఖ వడగాడ్పుగా లెక్కిస్తుంది. మైదానంలో ఆ హద్దు 40. సముద్రపు గాలి వచ్చినా ఉక్క తెస్తుంది. తేమ గాలిలో ఈగ తెచ్చిన నీరు తొందరగా ఆవిరి కాదు, గూడు చల్లబడదు. అందుకే గుడివాడ వైపు పొడి ఎండకు నీరు ముఖ్యమైతే, తీరంలో దానితోపాటు పెట్టెకు నీడ, గాలి ఆడే చోటు కూడా కావాలి. తొర్రల్లో గూడు కట్టే మన నాటు తేనెటీగ ఈ ఎండలకు అలవాటు పడిందే, నిజమే. అయితే అది బతికే తీరే వేరు: పొద్దున్నే తిరిగి, ఎండ వేళ పూల పని తగ్గిస్తుంది, మరీ భరించలేకపోతే గూడు వదిలి లేచిపోతుంది. ఈగ బతికినంత మాత్రాన మన పిందె నిలవదు.

నీళ్లకేం కొదవ అనుకోవద్దు. వేసవిలో కాలువలు కట్టేస్తారు, దివిసీమలో చాలాచోట్ల బోరు నీరు, రొయ్యల చెరువుల నీరు ఉప్పన. నీడలో లోతులేని పళ్లెం పెట్టి, వాలడానికి కొబ్బరి పీచు వేసి, రోజూ మంచినీళ్లు నింపాలి. పొద్దుటిపూట మందు కొట్టడం మానాలి. ఎండకు కూలీలు పొద్దున్నే వస్తారన్నది నిజమైన ఇబ్బందే, కానీ ఆ రెండు మూడు గంటలే కాపు నిలిపేవి. తప్పనిసరైతే పూలు ముడుచుకున్నాక, సాయంత్రం కొట్టండి. బీర, సొర పూలు సాయంత్రమే విచ్చుకుంటాయి కనుక వాటికి ఈ లెక్క పనికిరాదు; ఘంటసాల కృషి విజ్ఞాన కేంద్రాన్ని అడగండి. పూతమీద ఇమిడాక్లోప్రిడ్, థయామిథాక్సామ్ వద్దు. చుట్టుపక్కల ఎవరైనా తేనెటీగల పెట్టెలు పెట్టి ఉంటే, మందు కొట్టే ముందు రోజే వాళ్లకు కబురు చెప్పండి.