దిమ్మల లోకంలో దూరం

పిల్లలున్న మన ఇళ్ళలో మైన్‌క్రాఫ్ట్ పేరు వినని వారుండరు. స్వీడనులో పుట్టి 2011లో పూర్తి రూపంలో విడుదలైన ఈ ఆటలో నేల, చెట్టు, గోడ సమస్తమూ ఘనాకారపు దిమ్మలే. దిమ్మ భుజం ఒక మీటరు. కంప్యూటరులో ఎఫ్3 మీట నొక్కితే మనమున్న చోటు నిరూపకాలు కనిపిస్తాయి: తూర్పు పడమరలకు ఎక్స్, ఎత్తుకు వై, ఉత్తర దక్షిణాలకు జడ్. (ఎత్తుకు జడ్ వాడే నాబోటివారికి ఇది మొదట తికమకే.)

నిరూపకాలు తెలిస్తే దూరం తెలిసినట్లేనని, తేడాల వర్గాలను కూడి వర్గమూలం తీస్తే చాలునని నా ధీమా. ఆ ధీమాతోనే మా అమ్మాయికి సలహా ఇచ్చి భంగపడ్డాను.

అమ్మాయీ, విజయవాడలోని మా అన్నయ్యగారి అబ్బాయీ సెలవులన్నీ వెచ్చించి ఆ ఆటలో ఒక మండువా ఇల్లు కట్టారు. ముందు 19 దిమ్మల చదరపు ముంగిలి. "చీకట్లో రాక్షసులు పుడతాయి నాన్నా, ఎన్ని దివిటీలు పెట్టాలి?" అని అడిగింది. దివిటీ ఉన్నచోట వెలుగు 14. దిమ్మ దాటినప్పుడల్లా ఒకటి తగ్గుతుంది. 2021లో వచ్చిన మార్పు తరువాత, ఈ వెలుగు సున్నా అయిన చోటనే రాక్షసులు పుడతాయి. అంటే 13 దిమ్మల వరకు భయం లేదు. ముంగిలి నడుమ నుండి మూలకు తూర్పుగా 9, ఉత్తరంగా 9. పైథాగరస్ ప్రకారం 162కు వర్గమూలం, సుమారు 12.7. "ఒక్కటి చాలు తల్లీ" అన్నాను.

ఆ రాత్రి పిల్లలు దూరాన గనిలో ఉండగా మూలలో క్రీపరు పుట్టింది. వారు తిరిగి రాగానే వెంటబడి, గుమ్మం దగ్గర పేలింది. సగం గోడ లేచిపోయింది. "నాన్న లెక్క తప్పు" అన్న వార్త వెంటనే విజయవాడ చేరింది.

తప్పెక్కడ? ఆటలో వెలుగు కర్ణం మీదుగా పోదు. ప్రతి దిమ్మ తనను ఆనుకున్న ఆరు దిమ్మలకే, ఒకటి తగ్గించి, వెలుగునిస్తుంది. కనుక మూలకు దూరం 9, 9 కలిపి 18. అక్కడికి చేరకముందే వెలుగు అడుగంటింది. మన్‌హాటన్ వీధుల్లో టాక్సీ భవనాల్లోంచి దూసుకుపోలేదు. మలుపు తిరిగే పోవాలి. అందుకే గణితంలో దీనికి మన్‌హాటన్ దూరమని పేరు. దివిటీ వెలుగు నేలమీద వృత్తంగా కాక, మూలమీద నిలబెట్టిన చతురస్రంగా పరచుకుంటుంది. చిత్రమేమంటే, ఆటగాడికి 24 దిమ్మల లోపు రాక్షసులు పుట్టరాదన్న నియమానికి మాత్రం ఇదే ఆట సరళరేఖనే కొలుస్తుంది!

రసాయనజ్ఞుడినైన నాకు ఇది మరీ చిన్నతనం. ఉప్పు స్ఫటికమూ ఇటువంటి కట్టడమే. ప్రతి సోడియం అయానును ఆరు క్లోరైడు అయానులు ఆనుకుని ఉంటాయి. 1913లో బ్రాగ్ తండ్రీకొడుకులు ఎక్స్-కిరణాలతో ఈ అమరికను తేల్చారు. సోడియం నుండి పక్క క్లోరైడుకు 0.282 నానోమీటర్లు. కర్ణం మీద ఉన్న మరో సోడియానికి 0.399, క్లోరైడు మీదుగా మలుపు తిరిగి నడిస్తే 0.564. ఎక్స్-కిరణాలు చెప్పేది మొదటి దూరం కాబట్టి, ప్రయోగశాలలో నాకు రెండోదానితో పని పడలేదు. దివిటీ వెలుగుకు తెలిసినది ఆ రెండోదే.

గోడ మళ్ళీ లేచింది. నడుమ దివిటీని ఉంచి నాలుగు మూలలా మరో నాలుగు పెట్టారు. నడుమ దివిటీ తీసివేస్తే ఆ నాలుగే ముంగిలికి సరిపోతాయా? గళ్ళ కాగితం మీద పిల్లలు లెక్కించి చూడవచ్చు.