బానెట్ మీద ఆ రంధ్రాలు ఎందుకు?



స్పోర్ట్స్ కారు బొమ్మ చూపించి మీ పిల్లలు “బానెట్ మీద ఈ రంధ్రాలెందుకు?” అని అడిగితే, “స్టైల్ కోసం” అని దాటేయకండి. అందులో మంచి సైన్స్ పాఠం ఉంది.

గ్రిల్ గుండా వచ్చిన గాలి రేడియేటర్‌ను చల్లబరిచి తాను వేడెక్కుతుంది. ఆ వేడిగాలి బయటికి పోతేనే కొత్త గాలి సరిగా లోపలికి వస్తుంది.

వేగంగా వెళ్లే కారులో బానెట్ ముందు భాగంపై పీడనం తక్కువ, ముందు అద్దం మొదట్లో ఎక్కువ. గాలి ఎప్పుడూ తక్కువ పీడనం వైపే పోతుంది. అందుకే వేడిగాలి పోయే రంధ్రాలు అద్దానికి దూరంగా పెడతారు.

అన్నిటి పనీ ఒకటి కాదు. సుబారు డబ్ల్యూఆర్ఎక్స్ ఎస్‌టీఐ స్కూప్ గాలిని లోపలికి తీసుకుని ఇంటర్‌కూలర్‌కు ఇస్తుంది. 2018లో వచ్చిన ఫెరారీ 488 పిస్టాకు ఇంజిన్ సీట్ల వెనక ఉంటుంది. దాని ఎస్-డక్ట్ బంపర్ దగ్గర గాలిని తీసుకుని బానెట్ మీదుగా వదులుతుంది. అందువల్ల కారు ముందు భాగం రోడ్డును గట్టిగా అదిమి పట్టుకుంటుంది. దారి లేకుండా పైన అతికించిన స్కూప్ మాత్రం ఉత్త అలంకారమే.

ఇంట్లో చేసి చూడండి: గాలి వీచే సాయంత్రం తెరిచిన కిటికీకి టిష్యూ కాగితం ముక్క వేలాడదీయండి. ఎదురు తలుపు ఒకసారి మూసి, ఒకసారి తెరిచి గమనించమనండి. జవాబు మీరు చెప్పకండి, “తేడా ఎందుకొచ్చింది?” అని మాత్రమే అడగండి.

జాగ్రత్త: ఇంజిన్ వేడిగా ఉండగా రేడియేటర్ మూత తీయకూడదని పిల్లలకు తప్పక చెప్పండి.