అప్పుచేత బంధింపబడిన సహోదరుడు

పాఠ్యభాగము: నెహెమ్యా 5వ అధ్యాయము

ప్రియులారా, చెరనుండి తిరిగివచ్చిన యూదులు కరవుకాలమున పొలములను కుదువపెట్టి, తుదకు తమ బిడ్డలను దాస్యమునకు అప్పగించిరి. అప్పిచ్చినవారు అన్యులు కారు, స్వజనులే. నెహెమ్యా వారిని గద్దించి పొలములు తిరిగి ఇప్పించెను. అధికారిగా తనకు రావలసిన భత్యమును సహా విడిచిపెట్టెను. తన్ను తాను ఏలుకొనువాడే ఇతరులను విడిపింపగలడు.

మన పల్నాటిలో పుల్లరి కట్టమని నిలిచిన కన్నెగంటి హనుమంతు 1922లో తుపాకిగుండ్లకు ప్రాణమిచ్చెను. 1947లో దేశమునకు స్వాతంత్ర్యము వచ్చెను. అయినను ముందు పుచ్చుకొన్న సొమ్ముకై ఏండ్ల తరబడి కట్టుబడిన పాలేర్లు మిగిలిరి. 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టము అట్టి బాకీలను రద్దుచేసెను. బాకీ తీరలేదని కూలివానిని కదలనీయకుండుట నేరము. నేటికిని ఇటుక బట్టీలలో అడ్వాన్సు పేర కుటుంబములను నిలిపివేయుట కలదు. అట్టి సంగతి తెలిసినయెడల నరసరావుపేట, గురజాల ఆర్.డి.ఓ. కచేరీలలో తెలుపవచ్చును.

ఆలోచించుడి:
1. మన చేనిలో, మన ఇంట పనిచేయువారు ఇష్టమైనప్పుడు వెళ్లిపోగలరా?
2. మనమిచ్చిన అప్పు సహాయమా, సంకెలా?
3. మన పొరుగున కట్టుబడినవారు ఉన్నయెడల మనము మౌనముగా నుండవచ్చునా?

ఈ నెలలో ఒక్క బాకీయైనను మాఫీచేసి ప్రార్థనకు కూడుకొందము.