హరిత పట్టా అంటే ఇంటి పట్టా కాదు

తెలుగులో పట్టా అంటే భూమిపై హక్కును తెలిపే పత్రం. మరాఠీలో అదే మాటకు పట్టీ లేక పొడవైన మేఖల అని అర్థం. నాందేడ్‌లో స్థలం వెదకుతున్న తెలుగు కుటుంబం ఒక సర్వే నంబరు ‘హరిత పట్టా’లో ఉన్నదని విన్నప్పుడు, అదికూడా ఒక విధమైన పట్టాయేనని భావించే ప్రమాదమున్నది. అర్థం సరిగా అందుకు విరుద్ధం. నగర అభివృద్ధి ప్రణాళికలో ఆ నేల ఇళ్ళకు కాక పచ్చదనానికి కేటాయింపబడినదని ఆ మాట తెలుపుతుంది.

ఇట్టి నేలలపై ఇళ్ళ నిర్మాణానికి అనుమతి ఇవ్వాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడెల్లా స్థానికులలో వ్యతిరేకత పుట్టడం సహజం. ఆ వ్యతిరేకత ఎందుకు పుడుతుంది, ఎప్పుడు ఫలిస్తుంది, పచ్చదనం మూల్యాన్ని చివరకు ఎవరు చెల్లిస్తారు అనే మూడు ప్రశ్నలు ఈ పాఠానికి ఆధారం.

ప్రణాళికలో పచ్చరంగు

మహారాష్ట్రలో నగర ప్రణాళికలకు మూలం 1966 నాటి మహారాష్ట్ర ప్రాంతీయ, నగర రచనా చట్టం. మరాఠీలో ‘వికాస్ ఆరాఖడా’ అని పిలువబడే అభివృద్ధి ప్రణాళికలో ఏయే అంశాలు ఉండవలెనో ఆ చట్టపు 22వ సెక్షన్ తెలుపుతుంది. నివాస, వాణిజ్య, పారిశ్రామిక, వ్యవసాయ వినియోగాలతోపాటు ఆటస్థలాలు, ఖాళీ ప్రదేశాలు, హరిత మేఖలలు కూడా అందులో పేర్కొనబడినవి. అనగా పచ్చరంగు పూసిన నేల ఎవరికీ అక్కరలేక మిగిలిపోయిన నేల కాదు. రహదారివలె, పాఠశాలవలె అదికూడా నగరానికి అవసరమని ఎంచి ఉంచిన నేల.

నాందేడ్‌లో ఈ అవసరం స్పష్టంగా కనబడుతుంది. నగరం గోదావరి ఒడ్డున ఉన్నది. ఆస్నా నది నగర పరిసరాలలోనే గోదావరిలో కలుస్తుంది. నగరానికి తాగునీరు ఎగువనున్న విష్ణుపురి జలాశయం నుంచి అందుతుంది. నదీతీర హరిత మేఖల వరదనీరు విస్తరించడానికి చోటిస్తుంది. వాననీటిని నేలలోనికి ఇంకించుతుంది. మురుగు నేరుగా నదిలో చేరకుండా కొంతవరకు అడ్డుకొంటుంది. ఆ మేఖల ఇళ్ళతో నిండినంత మాత్రాన వరద రాకుండా పోదు. పొలంలో నిలువవలసిన నీరు గదులలో నిలుస్తుంది.

ఈ సందర్భంలో రెండు గీతలను గుర్తించవలసి ఉన్నది. సగటున 25 ఏళ్ళకు ఒకసారి రాగల వరద హద్దును నీలి గీత తెలుపుతుంది. 100 ఏళ్ళకు ఒకసారి రాగల వరద హద్దును ఎర్ర గీత తెలుపుతుంది. నది ఒడ్డు నుంచి నీలి గీత వరకు ఉన్న భాగం నిషిద్ధ ప్రాంతం. రెండు గీతల నడుమ నిర్మాణాలు నిబంధనలకు లోబడి ఉండవలెను.

హైదరాబాదు జంట జలాశయాలు

హరిత ప్రాంతంలో నిర్మాణాలపై వివాదానికి తెలుగువారు ఎరిగిన పెద్ద ఉదాహరణ హైదరాబాదు సమీపంలో ఉన్నది. 1908 సెప్టెంబరులో మూసీ వరద ఆ నగరాన్ని ముంచెత్తిన తరువాత, వరదను అరికట్టడానికి, తాగునీరు అందించడానికి ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు నిర్మింపబడినవి. మొదటిది 1920లో, రెండవది 1927లో పూర్తి అయినది.

ఈ జలాశయాల పరీవాహక ప్రాంతాన్ని కాపాడుటకై ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1996 మార్చి 8న 111వ నంబరు ఉత్తర్వును జారీచేసినది. జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాలలో కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్ళు, నివాస కాలనీలు నిషేధింపబడినవి. ఒక నూనె పరిశ్రమకు ఈ నిషేధం నుంచి ఇచ్చిన మినహాయింపు సుప్రీంకోర్టు వరకు వెళ్ళినది. 2000 డిసెంబరులో న్యాయస్థానం ఆ మినహాయింపును తిరస్కరించి, తాగునీరు పొందడం జీవించే హక్కులో భాగమని గుర్తించినది.

అయితే కథకు రెండవ వైపు కూడా ఉన్నది. ఆ 84 గ్రామాల రైతులలో అనేకులు ఏళ్ళ తరబడి ఉత్తర్వును రద్దు చేయవలెనని కోరుతూ వచ్చారు. సమీపంలోని భూముల విలువ ఆకాశానికి అంటుతుండగా తమ పొలాలు మాత్రం కట్టుబాటులో ఉండిపోయినవని వారి వాదన. నీటి మేలు నగరమంతటిది, నష్టం తమ ఒక్కరిది అన్నది వారి బాధ. 2022 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం 69వ నంబరు ఉత్తర్వు ద్వారా ఆ నిషేధాల సడలింపునకు పూనుకొన్నది; 2023 మేలో మంత్రివర్గం 111వ ఉత్తర్వు రద్దుకు నిర్ణయించినది. పర్యావరణవాదులు దానిని వ్యతిరేకించగా వివాదం మరల న్యాయస్థానాల మెట్లెక్కినది. నిషేధం వలన నష్టపోయేవారికి తగిన పరిహారం చూపని రక్షణ, ఎంత మంచి ఉద్దేశంతో పుట్టినదైనా, కాలం గడిచేకొలది బలహీనపడుతుందని ఈ ఉదాహరణ బోధిస్తుంది.

కామారెడ్డి రైతుల అభ్యంతరం

నాందేడ్‌కు ఇంకా దగ్గరగా ఉన్న ఉదాహరణ కామారెడ్డి. అక్కడి పురపాలక సంఘం ముసాయిదా మాస్టర్ ప్లాన్‌లో పరిసర గ్రామాల సాగుభూములు కొన్ని పారిశ్రామిక మండలంగాను, కొన్ని ఖాళీ ప్రదేశాలతో కూడిన వినోద మండలంగాను చూపబడినవి. తమ పొలం ఏ రంగులోనికి మారుతున్నదో తమకు ముందుగా తెలుపలేదని రైతులు ఆందోళనకు దిగారు. 2023 జనవరిలో కలెక్టరు కార్యాలయం ఎదుట పెద్ద నిరసన జరిగినది. అదే నెలలో పురపాలక మండలి ఆ ముసాయిదాను ఉపసంహరించుకొనుటకు తీర్మానించినది.

ఇక్కడ ప్రజలు వ్యతిరేకించినది పచ్చదనంపై ఇళ్ళను కాదు, తమను అడుగకుండా తమ నేల తలరాతను మార్చడాన్ని. ఆ మార్పు పరిశ్రమ కొరకైనా, ఉద్యానం కొరకైనా వారి ప్రశ్న ఒక్కటే: అందరి మేలు కొరకు ఒకరి పొలంపై గీత గీసినప్పుడు, ఆ ఒకరి మాట ఎక్కడ వినబడుతుంది? ముసాయిదా ఇంకా ముసాయిదాగా ఉన్న దశలోనే వారు గళమెత్తినందువలన దానిని వెనుకకు తీసుకొనుట సాధ్యమైనది.

పుణె కొండవాలులు

మహారాష్ట్ర చట్టం క్రింద ఇదే ప్రశ్నకు వెదకిన ఒక సమాధానం పుణెలో కనబడుతుంది. 1997లో ఆ నగరపాలికలో 23 గ్రామాలు విలీనమైనవి. వాటిలోని కొండశిఖరాలను, కొండవాలులను, సుమారు 978 హెక్టార్ల నేలను, జీవవైవిధ్య ఉద్యానాలకు ప్రత్యేకించవలెనని ప్రణాళికలో ప్రతిపాదింపబడినది. కొంతమేరకైనా అక్కడ నిర్మాణాలను అనుమతించవలెనన్న వాదనను ఎదుర్కొంటూ పౌరులు సంవత్సరాల తరబడి సంతకాలు సేకరించారు, అభ్యంతరాలు దాఖలు చేశారు. 2015లో రాష్ట్ర ప్రభుత్వం ఆ ప్రత్యేకింపును నిలిపి, భూయజమానులకు 8 శాతం బదిలీ నిర్మాణ హక్కును ప్రకటించినది. అనగా నేలను నగరపాలికకు అప్పగించిన యజమాని, దానికి మారుగా అనుమతి గల మరొకచోట అంత మేరకు అదనపు నిర్మాణ హక్కును వాడుకొనవచ్చును, లేదా అమ్ముకొనవచ్చును.

ఆ పరిహారం చాలదని యజమానుల ఫిర్యాదు నేటికీ ఉన్నది. అయినప్పటికీ పచ్చదనం ఉచితంగా రాదని, దాని మూల్యాన్ని నగరం కొంత మోయవలెనని అంగీకరించిన పరిష్కారమిది. హైదరాబాదు ఉత్తర్వుకు లోపించినది ఇదే.

హరకత్ తెలిపే విధానం

అభ్యంతరాన్ని మరాఠీలో ‘హరకత్’ అంటారు. వార్తాపత్రికలో ‘హరకతీ వ సూచనా’ అనే శీర్షికతో నగరపాలిక ప్రకటన వెలువడినప్పుడు, అది పౌరుల కొరకు తెరిచిన తలుపు అని గ్రహించవలెను.

అభివృద్ధి ప్రణాళిక ముసాయిదాపై 26వ సెక్షన్ క్రింద అభ్యంతరాలు, సూచనలు ఆహ్వానింపబడతాయి. 28వ సెక్షన్ క్రింద ప్రణాళికా సమితి వాటిని విచారిస్తుంది. అభ్యంతరం తెలిపినవారికి స్వయంగా వచ్చి చెప్పుకొనే అవకాశం ఇస్తుంది. మంజూరైన ప్రణాళికలో ఒక భాగాన్ని మాత్రం మార్చవలసి వచ్చినప్పుడు, ఉదాహరణకు హరిత మండలంలోని కొన్ని సర్వే నంబర్లను నివాస మండలంగా చేయదలచినప్పుడు, 37వ సెక్షన్ వర్తిస్తుంది. దానికీ ప్రకటన, అభ్యంతరాలు, విచారణ తప్పవు. తుది మంజూరు రాష్ట్ర ప్రభుత్వానిది.

చట్టం ‘ఏ వ్యక్తి అయినా’ వ్రాతపూర్వకంగా తెలుపవచ్చునని అంటున్నది. భూమి ఉన్నవారే తెలుపవలెనని లేదు. మరాఠీ మాతృభాషగా ఉండవలెననీ లేదు. దేగ్లూరు నుంచో, నిజామాబాదు నుంచో వచ్చి అద్దె ఇంటిలో ఉంటున్న కూలీకి కూడా ఆ హక్కు ఉన్నది.

మంచి అభ్యంతరపత్రంలో సర్వే నంబరు లేక గట్ నంబరు, ప్రతిపాదిత మార్పు, దానివలన కలిగే నష్టం, దానికి ప్రత్యామ్నాయం, విచారణకు హాజరయ్యే కోరిక స్పష్టంగా ఉండవలెను. ‘ఇళ్ళు వద్దు’ అని మాత్రమే వ్రాసిన పత్రం కంటె, ‘ఇచ్చట వరదనీరు నిలుస్తుంది; ఇళ్ళను ఇప్పటికే నివాస మండలంలో ఉన్న ఖాళీ స్థలాలలో కట్టవలెను’ అని వ్రాసిన పత్రం బలమైనది. గడువులోపల పత్రాన్ని దాఖలు చేసి, ‘పోచ్’ అనగా అందిన రసీదును తప్పక తీసుకొనవలెను.

స్థలం కొనేవారి పాలు

హరిత భూములపై ఇళ్ళను వ్యతిరేకించేవారు పేదలకు ఇళ్ళు వద్దనేవారని కొందరు ఆక్షేపిస్తారు. ఈ ఆక్షేపణను తేలికగా తీసివేయరాదు. నివాస మండలంలో స్థలం ఖరీదు అందనందువలననే వలస కుటుంబాలు నగరం అంచున చవక స్థలాలను ఆశ్రయిస్తాయి. పొలాన్ని గుంటల లెక్కన ముక్కలు చేసి అమ్మే పద్ధతిని మహారాష్ట్రలో ‘గుంఠేవారీ’ అంటారు. ఒక గుంట అంటే ఎకరంలో నలభయ్యవ వంతు, అనగా 121 చదరపు గజాలు.

గుంఠేవారీ నిర్మాణాల క్రమబద్ధీకరణకు 2001లో చట్టం వచ్చినది. 2021 సవరణతో 2020 డిసెంబరు 31 వరకు వెలసినవాటికి ఆ అవకాశం విస్తరింపబడినది. అయితే ప్రతి ప్లాటు క్రమబద్ధీకరణకు అర్హమైనది కాదు. అర్హత లేనిచోట ఇల్లు కట్టిన కుటుంబానికి నీటి కనెక్షన్, బ్యాంకు రుణం కష్టమవుతాయి. అనుమతి లేని నిర్మాణాన్ని తొలగించవలసినదిగా 53వ సెక్షన్ క్రింద నోటీసు కూడా రావచ్చును. పొలం అమ్మినవారు డబ్బు తీసుకొని వెళ్ళిపోతారు. పచ్చదనం మూల్యమంతా చివరకు ఆ ఇంటి యజమాని నెత్తిన పడుతుంది.

కనుక బయానా ఇచ్చుటకు ముందే రెండు పత్రాలను చూడవలెను: భూమి ఎవరిదో తెలిపే సాత్‌బారా ఉతారా, అది ఏ మండలంలో ఉన్నదో తెలిపే ఝోన్ దాఖలా. నది సమీపమైనచో నీలి, ఎర్ర గీతల స్థానాన్ని నగర రచనా విభాగంలో విచారించవలెను. నోటరీ కాగితం ఈ పత్రాలకు సాటిరాదు.

ఇల్లు లేచిన తరువాత పుట్టే వ్యతిరేకత ఒక కుటుంబాన్ని వీధిన పడవేస్తుంది. ముసాయిదా దశలో వినిపించిన అభ్యంతరం నేలను, రైతును, ఇల్లు కొనబోయేవారిని ముగ్గురినీ కాపాడగలదు.

చర్చకు ప్రశ్నలు

1. తమ వార్డులో లేక సమీపంలో వరదనీరు నిలిచే ఖాళీ నేల ఏది? అది ప్రణాళికలో ఏ రంగులో ఉన్నది?

2. పచ్చదనం కొరకు నేలను వదులుకొనే రైతుకు నగరం ఏమి ఇవ్వవలెను? హైదరాబాదు, పుణె ఉదాహరణలను పోల్చి చెప్పవలెను.

3. కామారెడ్డి రైతుల అభ్యంతరానికి, పుణె పౌరుల అభ్యంతరానికి గల భేదమేమి? రెంటిలో సమానమైన అంశమేది?

4. ఒక ఊహాత్మక సర్వే నంబరును తీసుకొని, హరిత మండలం నుంచి నివాస మండలంగా దాని మార్పుపై ఒక పుటకు మించని అభ్యంతరపత్రాన్ని వ్రాయవలెను.