రంగునకు ముందు లప్పము

విద్యార్థులారా! క్రొత్తగా రంగు వేసిన బల్లను కిటికీచెంత నిలిపి, వెలుతురు ప్రక్కనుండి పడునట్లు చూడుడు. మేకుతలల గుంటలు, రంపపు గీతలు, నెఱ్ఱెలు రంగుక్రిందనుండి స్పష్టముగా కనబడును. రంగుపొర మిక్కిలి పలుచనిది. అది వర్ణమును మార్చునేగాని పల్లమును పూడ్చజాలదు. మెఱుగురంగైనచో లోపమును దాచుటకు మాఱుగా వెల్లడిచేయును. కావున రంగునకు ముందు లప్పము పెట్టవలయును. లప్పములు పెక్కువిధములు. వానిలో ఏది శ్రేష్ఠమని అడుగరాదు. ఈ లోపమునకు ఏది తగునని అడుగవలెను.

మొదట కొయ్యను పరీక్షింపవలెను. లోపమున్నచోట మేకుమొనతో గ్రుచ్చుడు. మొన మెత్తగా దిగబడినచో అది గుంట కాదు. కొయ్య చివికినదని యర్థము. లప్పము నునుపు నిచ్చును, బలము నియ్యదు. చివికిన బెంచికాలికి లప్పము పెట్టి రంగు వేసినచో చూపునకు క్రొత్తదివలె నుండును. దాని నమ్మి కూర్చుండిన బాలుడు క్రింద పడును. అట్టి భాగమును కోసివైచి మంచి కొయ్యను అతుకవలయును.

రెండవది, కొయ్య కదలుచుండును. వానకాలమున తలుపు బిగియుటయు, ఎండకాలమున సందు విడుటయు మన మెఱిగినదే. కొయ్య తేమను పీల్చి ఉబ్బును, ఎండినపుడు ముడుచుకొనును. ఈ మార్పు నారవెంట అత్యల్పము, నారకు అడ్డముగా అధికము. కావున పలకల నడిమి వెడల్పు సందులో కఠినమగు లప్పము కూరినచో అది కొలదికాలములోనే ఊడును. అచ్చట అదే జాతి కొయ్యచీలికను జిగురుతో దిగగొట్టి, చిత్రిక పట్టుట మేలు.

ఇక ముఖ్యమైన లప్పములను చూతము.

1. నూనె లప్పము: ఇది మెత్తని సుద్దపొడిని అవిసెనూనెతో పిసికి చేయునది. అవిసెనూనె నీటివలె ఆవిరియై పోదు. గాలిలోని ప్రాణవాయువును గ్రహించి మెల్లగా గట్టిపడును. మేకుగుంటలకును చిన్న నెఱ్ఱెలకును ఇది తగినది. అయితే పచ్చికొయ్యపై నేరుగా పెట్టినచో కొయ్య నూనెను పీల్చుకొనును. మిగిలిన సుద్ద పొడియై రాలును. అందుచే ముందు అస్తరురంగు పూసి, అది ఆరినపిదప లప్పము పెట్టవలెను.

2. పొట్టు లప్పము: ఇది రంపపుపొట్టును జిగురుతో కలిపినది. దీనికి వ్యయము స్వల్పము. రంగుక్రింద ఇది చక్కగా నుండును. కొయ్యచారలు కనబడునట్లు మెఱుగుపెట్టు సామానునకు మాత్రము తగదు. జిగురు నిండినచోట వర్ణము ఇంకక మచ్చ నిలుచును.

3. నీటితో కలిపిన లప్పము: ఇది త్వరగా ఆరును, సులభముగా నునుపగును. నీరు ఆవిరియైనకొలది క్రుంగును గనుక లోతైన గుంటను ఒక్కమాఱుగా నింపక, పొర ఆరినపిదప మఱియొక పొర పెట్టవలెను.

4. రెండు ద్రవ్యములను కలుపు పాలియెస్టరు లప్పము: ఇది రసాయనక్రియచే కొన్ని నిమిషములలోనే గట్టిపడును, అంతగా క్రుంగదు. లోతైన గుంటలకును, విఱిగిన అంచులకును ఉపయోగించును. అప్పటికి కావలసినంతయే కలుపుకొనవలెను.

గోడలకై అమ్ము తెల్లసిమెంటు లప్పము కొయ్యకు పనికిరాదు. అది కొయ్యతో కదలలేక పెచ్చులుగా లేచును. దేవదారువంటి కొయ్యల ముడులనుండి బంక ఊరి రంగుపై మచ్చ వేయును. ముడిపై ముందుగా లక్కద్రావకము రెండు పలుచని పూతలు పూయుట మంచిది.

ఏ లప్పమైనను ఉపరితలముకంటె కొంచెము ఎత్తుగా పెట్టి, పూర్తిగా ఆరినపిదప గరుకుకాగితముతో నారవెంట రుద్దవలెను. మొదట 120, తరువాత 180 అంకెగల కాగితము చాలును. పిదప కన్నులు మూసి వ్రేళ్లతో తడవుడు. కంటికి తెలియని ఎత్తుపల్లములు వ్రేలికి తెలియును. లప్పము పెట్టినచోట మరల అస్తరు పూయనిచో రంగు అచ్చట ఇంకి వెలవెలబోవును.

ఒక హెచ్చరిక. పాతరంగులలో సీసముండుట కలదు. మనదేశమున ఇండ్ల రంగులలో సీసము పదిలక్షల భాగములకు 90 భాగములు మించరాదను నియమము 2016లో చేయబడి, 2017 నవంబరునుండి అమలునకు వచ్చినది. అంతకుముందు వేసిన రంగును పొడిగా గీకినచో లేచు ధూళి పిల్లల మెదడునకు హానికరము. అట్టి సామానును విద్యార్థులు రుద్దరాదు. పెద్దలు తడిపి, ముక్కునకు తగిన తొడుగు ధరించి చేయవలెను.

అభ్యాసము: వ్యర్థమైన మామిడిపలకలో ఒకే లోతుగల మూడు గుంటలు చేయుడు. ఒకదానిలో నూనె లప్పము నేరుగాను, రెండవదానిలో అస్తరు పూసి అదే లప్పమును, మూడవదానిలో పొట్టు లప్పమును పెట్టుడు. నెల గడచినపిదప గోటితో గీరి చూచి, ఏది రాలెనో, ఏది క్రుంగెనో, ఏది నిలిచెనో కారణసహితముగా వ్రాయుడు. ఈ పలకను దాచియుంచినచో మఱుసటి వానకాలమున మఱియొక పాఠము చెప్పును.